రౌండ్ ఒకటిలో ఓడిపోయాక

పామర్రులో చంకలో చెస్ బోర్డు పెట్టుకుని రోడ్డు మీద కనిపించిన ప్రతి పిల్లాడికీ ఒక మాట గ్యారంటీగా తగులుతుంది. "ఏరా, గుడివాడ అమ్మాయిలా అవుదామనా?" నేనైతే ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా విన్నాను. కిరాణా కొట్టు బాబాయి అన్నాడు, ట్యూషన్ సార్ అన్నారు, బస్సులో పక్క సీట్లో కూర్చున్న తెలియని తాతగారు కూడా అన్నారు. గుడివాడ మాకు బస్సెక్కితే అరగంట. అందుకని కోనేరు హంపి గారంటే మా వైపు వాళ్ళకి పేపర్లో వచ్చే మనిషిలా ఉండదు, పక్కూరి చుట్టంలా ఉంటుంది. అటు నిమ్మకూరుకి ఎన్టీఆర్, ఇటు కూచిపూడికి నాట్యం, గుడివాడకి హంపి. మధ్యలో పామర్రుకి ఏముందంటే, నాలుగు రోడ్ల సెంటరుంది, అన్ని బస్సులూ ఆగుతాయి.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు పోతే ఎడిటర్ అక్క చూసుకుంటానంది కాబట్టి ధైర్యం చేస్తున్నా.

నేను చెప్పాలనుకున్నది ఇది. "కాంపిటీటివ్‌గా ఉండు" అని మనకి చిన్నప్పటి నుంచీ చెప్పిన మాటకి అర్థం మనం తప్పుగా నేర్చుకున్నాం. నేను తప్పుగా నేర్చుకున్నానని ఎలా తెలిసిందో కూడా చెప్తాను. అది చెప్పుకోడానికి కాస్త సిగ్గుగా ఉంది కాబట్టి మధ్యలో ఎక్కడో చెప్తా.

హంపి గారి కథ మా ఊళ్ళో చెప్పే పద్ధతి ఒకటుంది. వాళ్ళ నాన్నగారు అశోక్ గారు ఉద్యోగం మానేసి కూతురికి కోచ్ అయ్యారు. చాంపియన్ అన్న మాటలోంచే పేరు పెట్టారు. 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యింది, జుడిట్ పోల్గార్ రికార్డుని మూడు నెలల తేడాతో కొట్టింది. 2007లో పద్మశ్రీ. ఇవన్నీ నిజాలే. కానీ కథ చెప్పే మామయ్య చూపు మాత్రం బోర్డు మీద ఉండదు, నా మార్కుల మీద ఉంటుంది. "చూశావా, ఎంత కసిగా ఆడిందో!" అంటాడు. అంటే నీకు కసి లేదు అని.

ఆ కథలో ఎవరూ చెప్పనివి కొన్నున్నాయి. 2011లో టిరానాలో ప్రపంచ మహిళల చాంపియన్‌షిప్ మ్యాచ్ ఆడింది, హౌ యిఫాన్ మీద. ఎనిమిది గేములు జరిగితే ఐదు డ్రా, మూడు ఓటమి. ఒక్కటి కూడా గెలవలేదు. ఆ మెట్టు ఎక్కితే ప్రపంచ చాంపియన్. ఎక్కలేదు. తర్వాత పెళ్ళి, పాప, సుమారు రెండేళ్ళ విరామం. 2018లో బటూమిలో జరిగిన ఒలింపియాడ్‌తో మళ్ళీ బోర్డు ముందు కూర్చుంది. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్. చైనా అమ్మాయి లే టింగ్‌జీతో టై పడితే ప్లేఆఫ్ పెట్టారు. ప్లేఆఫ్‌లో మొదటి గేము హంపి ఓడిపోయింది. రెండోది గెలిచింది. ఆ తర్వాత చివరి గేముతో టైటిల్.

2024 డిసెంబరు, న్యూయార్క్, మళ్ళీ అదే ర్యాపిడ్ చాంపియన్‌షిప్. ఈసారి మొదటి రౌండే ఓటమి. 37 ఏళ్ళ మనిషి, పదకొండు రౌండ్ల టోర్నమెంట్, రౌండ్ ఒకటిలో సున్నా. చివరికి 11కి ఎనిమిదిన్నర పాయింట్లు, ఆఖరి గేము నల్ల పావులతో గెలిచి, ఒంటరిగా మొదటి స్థానం. డిసెంబరు 28న ఆ వార్త మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మామయ్యే పెట్టాడు. "కసి" అని కింద రాశాడు. నాకు మాత్రం రౌండ్ ఒకటికీ రౌండ్ రెండుకీ మధ్య ఉన్న ఆ కాసేపు ఏం జరిగి ఉంటుందా అనిపించింది. మంచినీళ్ళు తాగి ఉంటుందా? కూర్చుని ఉంటుందా, నడుస్తూ ఉంటుందా? కసి అంటే పళ్ళు కొరకడం కదా. పళ్ళు కొరుకుతూ ర్యాపిడ్ గేము ఎవరైనా ఆడగలరా? పదిహేను నిమిషాల గడియారం ముందు కోపంగా కూర్చున్న మనిషి నాలాగే ఆడతాడు. అంటే మంత్రిని ఊరికే ఇచ్చేస్తాడు.

మనలో సగం మంది ఇంటర్ ఎలా చదివామో మనకి తెలుసు. ఆదివారం పరీక్ష, బుధవారానికి ర్యాంకుల షీటు నోటీసు బోర్డు మీద. క్యాంపస్ ర్యాంకు, సెక్షన్ ర్యాంకు, బ్రాంచీలన్నీ కలిపిన ర్యాంకు. నేను పదో తరగతి అయ్యాక చెస్ మానేసింది దీని కోసమే. "రెండేళ్ళు ఆపెయ్ నాన్నా, తర్వాత జీవితమంతా ఆడుకో" అంది అమ్మ. తప్పు పట్టను, అందరమ్మలూ అదే అన్నారు. కానీ ఆ రెండేళ్ళలో ఒక విషయం గమనించలేదు, ఇప్పుడు గుర్తొస్తోంది. దిద్దిన పేపర్ కూడా వెనక్కి ఇచ్చేవాళ్ళు. ఎవడూ విప్పేవాడు కాదు. ర్యాంకు చూసుకునేవాళ్ళం, పక్కవాడి ర్యాంకు చూసేవాళ్ళం, మడిచి బ్యాగులో పెట్టేవాళ్ళం. ఏ లెక్క ఎక్కడ తప్పిందో తెలుసుకునే టైము ఉండేది కాదు, ఎందుకంటే వచ్చే ఆదివారం ఇంకో పరీక్ష. నా దగ్గర ఇప్పటికీ ఒక అట్టపెట్టె నిండా విప్పని పేపర్లున్నాయి.

చెస్‌లో దీనికి పూర్తిగా రివర్స్ అలవాటు ఉంది. గేము అయిపోయాక చెయ్యి కలిపి, ఇద్దరూ మళ్ళీ పావులు సర్దుకుని, ఎక్కడ మలుపు తిరిగిందో కలిసి చూస్తారు. దాన్ని పోస్ట్‌మార్టమ్ అంటారు. గెలిచినవాడు "ఇక్కడ నువ్వు గుర్రం తెచ్చి ఉంటే నేను అయిపోయేవాణ్ణి" అని తనంతట తనే చెప్తాడు. నేను జిల్లా స్థాయి దాటి ఆడినవాణ్ణి కాదు, అయినా పన్నెండేళ్ళ పిల్లలం కూడా అలా కూర్చునేవాళ్ళం. జేఈఈ రాసొచ్చాక నా పక్క బెంచీ వాడు నాకు అలా చెప్పడం మీరు ఊహించగలరా? నేనైనా వాడికి చెప్పేవాణ్ణా?

మనం సీఎస్‌ఈ వాళ్ళం కాబట్టి ఒక చిన్న లెక్క. ర్యాంకుకీ రేటింగ్‌కీ తేడా ఉంది. చెస్ రేటింగ్ కనిపెట్టింది అర్పాద్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్, హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. 1970లో ఫిడే దాన్ని తీసుకుంది. మన కోడ్‌ఫోర్సెస్ రేటింగ్ కూడా దాని చుట్టమే. ఇద్దరి రేటింగుల తేడాని బట్టి నువ్వు ఎంత స్కోరు చెయ్యాలో ముందే అంచనా వేస్తుంది, చేసినదానికీ అంచనాకీ ఉన్న తేడాని ఒక అంకెతో గుణించి కలుపుతుంది లేదా తీసేస్తుంది. నీకన్నా 400 పాయింట్లు ఎక్కువున్నవాడితో ఆడితే నీ అంచనా స్కోరు దాదాపు 0.09. ఆ గుణించే అంకె 20 అనుకుంటే, ఓడితే పోయేది రెండు పాయింట్లలోపు. గెలిస్తే వచ్చేది 18 పైన. అంటే పెద్దవాడితో కూర్చుని ఓడిపోవడం ఈ లెక్కలో దాదాపు ఫ్రీ. ఆ లెక్క రాసినవాడు ఓటమిని నేరంగా చూడలేదు, సమాచారంగా చూశాడు. నీ అంచనా కొంచెం తప్పింది, సరిచేశాం, తర్వాతి గేముకి రా. ర్యాంకు అలా కాదు. నువ్వు బాగా రాసినా పక్కవాళ్ళు ఇంకా బాగా రాస్తే కిందకి పోతావు. నువ్వు ఏమీ నేర్చుకోకపోయినా పక్కవాడికి జ్వరమొస్తే పైకి వెళ్తావు. ఒక్కసారి పరీక్ష హాల్లో అలాంటి కోరిక కలిగిన మాట నిజం. (ఎవరి గురించో చెప్పను. వాడు ఇప్పుడు మన కాలేజీలోనే ఉన్నాడు.)

స్కిల్ అనేదాని మీద కూడా మనకో మూఢనమ్మకం ఉంది. గొప్ప ఆటగాడంటే ఇరవై ఎత్తులు ముందుకి చూసేవాడని. డచ్ సైకాలజిస్టు ద గ్రోట్ 1940ల్లోనే దీన్ని పరీక్షించాడు. మాస్టర్లు మామూలు ఆటగాళ్ళకన్నా మరీ లోతుగా ఏమీ వెతకడం లేదని తేలింది, మంచి ఎత్తే వాళ్ళ కంటికి ముందు కనపడుతోంది. 1973లో చేజ్, సైమన్ ఇద్దరూ ఇంకో పని చేశారు. నిజమైన గేములోని పొజిషన్‌ని కొన్ని సెకన్లు చూపించి మూసేస్తే మాస్టర్ చాలావరకు తిరిగి పేర్చేశాడు. అవే పావులని ఇష్టమొచ్చినట్టు చల్లి చూపిస్తే ఆయన ఆధిక్యం దాదాపు పోయింది. జ్ఞాపకశక్తి పెద్దది కాదు, అర్థమున్న ముక్కలు గుర్తుపట్టడం పెద్దది. ఆ ముక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? వేల గేములు ఆడి, ఓడి, ఓడినవి మళ్ళీ తిప్పి చూస్తే వస్తాయి. మడిచి బ్యాగులో పెడితే రావు.

మా తాతయ్యకి ఈ పరిశోధనలేవీ తెలియవు గానీ విషయం తెలుసు. నాకు మొదట నేర్పింది చెస్ కాదు, పులి-మేక. అరుగు మీద బొగ్గుతో గీసేవాడు. మూడు పులులు చింతగింజలు, పదిహేను మేకలు గులకరాళ్ళు. ఎప్పుడూ మేకలు నాకే ఇచ్చేవాడు. మేక ఒక్కటీ ఎవరినీ తినలేదు, పక్కపక్కన నిలబడి దారి మూయడమే దాని పని. రెండు మేకలు పోగానే నేను ఏడుపు మొహం పెడితే "పోయినవాటి లెక్క నేను చూసుకుంటా, ఉన్నవాటి సంగతి నువ్వు చూడరా అబ్బాయ్" అనేవాడు. చెస్ కూడా ఆయన పాత పద్ధతిలోనే ఆడేవాడు, బంటు మొదటిసారి రెండు గడులు వెళ్తుందంటే చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. "ఏం, దానికి కాళ్ళు మొలిచాయా?" అని.

ఇక సిగ్గుపడే విషయం.

ఫస్టియర్ మొదటి సెమిస్టర్. కాలేజీలో కోడింగ్ కాంటెస్ట్ పెట్టారు. మూడు ప్రశ్నలు, నాకు ఒక్కటీ రాలేదు. స్క్రీన్ మీద లీడర్‌బోర్డులో నా పేరు ఎక్కడుందో వెతకడానికి చాలాసేపు కిందకి జరపాల్సొచ్చింది. ఆ రాత్రి హాస్టల్ గదిలో పడుకుని ఉంటే మా బావ చెస్ లింకు పంపాడు. మేనత్త కొడుకు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. గుడివాడలో డిగ్రీ చదువుతూ వాళ్ళ నాన్నతో పాటు పొలం చూసుకుంటాడు. చిన్నప్పుడు ఇద్దరం తాతయ్య దగ్గరే నేర్చుకున్నాం. ఇంటర్‌లో నేను మానేశాను, వాడు మానలేదు. అప్పటికి వరసగా తొమ్మిది గేములు వాడే గెలిచాడు.

పదో గేము కూడా పోతోంది. నేను లాప్‌టాప్‌లో ఇంకో కిటికీ తెరిచి స్టాక్‌ఫిష్ పెట్టాను. ఒక్క ఎత్తే చూద్దామని తెరిచాను. తర్వాత ప్రతి ఎత్తూ చూశాను. గెలిచాను. "సూపర్ రా!" అని మెసేజ్ పెట్టాడు. అవతల పొలం గట్టు మీద ఉన్నాడో, ఇంట్లో ఉన్నాడో. నేను రిప్లై ఇవ్వకుండా దుప్పటి కప్పుకున్నాను. గెలిచిన సంతోషం ఎంతసేపు ఉందని ఎవరైనా అడిగితే, ఆ మెసేజ్ చదివే దాకా ఉంది.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. భోగి మంట అయ్యాక బావ బోర్డు తెచ్చి అరుగు మీద పరిచాడు. ఆ గేము మొత్తం వాడికి కంఠతా ఉంది. ఇరవై రెండో ఎత్తు దాకా చకచకా పేర్చి ఆపాడు. "ఇక్కడ నువ్వు రాజుని మూలకి ఒక గడి జరిపావు. నెల నుంచీ ఆలోచిస్తున్నా, ఎందుకు జరిపావో అర్థం కాలేదు. చెప్పరా."

వాడు నిలదీయడానికి అడగలేదు. నిజంగా నేర్చుకోడానికి అడిగాడు. అదే నన్ను చంపేసింది. నాకు కారణం తెలియదు. ఆ ఎత్తు నాది కాదు. ఏదో ఒకటి కల్పించి చెప్పబోయాను, రెండు మాటలకే తడబడ్డాను. బావ నా మొహం చూశాడు, బోర్డు చూశాడు. కాసేపు మాట్లాడలేదు. "సరే. ఇప్పుడు నీ ఎత్తు ఏంటో వెయ్" అన్నాడు. వేశాను. అక్కడి నుంచి ఆడాం. నేను ఓడిపోయాను. అప్పుడు నేను "బావా, సారీ" అంటే, "నెల రోజులు వేస్ట్ చేశావు కదరా నావి" అన్నాడు. అంతే, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు.

నేను ఇది చదువుతున్నవాళ్ళని తిట్టడానికి రాయడం లేదు. కానీ మన ల్యాబ్‌లో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. అసైన్‌మెంట్ కోడ్ చాట్‌జీపీటీ రాస్తుంది, కాంటెస్ట్‌లో కూడా కొందరికి అదే రాస్తుంది. దీన్ని నీతి విషయంగా ఎవరైనా మాట్లాడితే మనకి నవ్వొస్తుంది, నాకూ వస్తుంది. నేను అనేది వేరే. వైవాలో సార్ "ఈ లూప్ ఇక్కడెందుకు పెట్టావు?" అంటే మనం పెట్టే మొహం, సంక్రాంతి నాడు అరుగు మీద నేను పెట్టిన మొహం ఒకటే. ఓటమి తప్పించుకున్నాం అనుకుంటాం, తప్పించుకున్నది ఆ ముక్క నేర్చుకునే అవకాశం. 1997లో డీప్ బ్లూ కాస్పరోవ్‌ని ఓడించింది, సెకనుకి 20 కోట్ల పొజిషన్లు చూసే మిషన్. ఇప్పుడు మన జేబులో ఫోను అంతకన్నా బాగా ఆడుతుంది. అయినా మనుషులు చెస్ ఆడటం మానలేదు, ఇంకా ఎక్కువ మంది ఆడుతున్నారు. ఎందుకంటే ఎవరికీ కావాల్సింది సరైన ఎత్తు ఒక్కటే కాదు.

దీనికి మా రూమ్మేట్ ఒక ఎదురు మాట అన్నాడు, అది బలంగానే ఉంది. "నువ్వు హంపి కథ చెప్తావు, ఆవిడ ఓడిపోయినా మళ్ళీ టోర్నమెంట్ ఉంటుంది. మనకి ప్లేస్‌మెంట్ ఒక్కసారే. కంపెనీ వాడు పోస్ట్‌మార్టమ్ చూడడు, కట్-ఆఫ్ చూస్తాడు." నిజమే. వాడి ఇంట్లో అప్పు ఉంది, వాడికి రెండో రౌండ్ గురించి లెక్చర్ ఇచ్చే అర్హత నాకు లేదు. అశోక్ గారిలా ఉద్యోగం మానేయగల నాన్నలు ఎంతమంది ఉంటారు? ఓడిపోయే తీరిక కూడా ఒక ఆస్తే. ఒప్పుకుంటాను. కానీ కట్-ఆఫ్ ఉన్న రోజు ఒక్కటి. దానికి ముందు మనకి నాలుగేళ్ళున్నాయి. ఆ నాలుగేళ్ళలో ప్రతి రోజునీ కట్-ఆఫ్ రోజులా బతకమని ఏ కంపెనీ అడగలేదు, మనమే బతుకుతున్నాం.

2025 జులై 28. మళ్ళీ బటూమి. మహిళల వరల్డ్ కప్ ఫైనల్, రెండు వైపులా ఇండియా. 38 ఏళ్ళ హంపి, 19 ఏళ్ళ దివ్య దేశ్‌ముఖ్. క్లాసికల్ గేములు రెండూ డ్రా, టైబ్రేక్‌లో మొదటి ర్యాపిడ్ డ్రా. ల్యాబ్ అయ్యాక హాస్టల్‌లో ఆరుగురం ఒకే ఫోను చుట్టూ కూర్చున్నాం. ఊరి మనిషి హంపి, ఈడు మనిషి దివ్య, ఎవరి వైపు ఉండాలో తెలియలేదు. రెండో ర్యాపిడ్‌లో గడియారం తరిగిపోతుంటే హంపి తప్పు చేసింది, దివ్య పట్టుకుంది. దివ్య ఏడ్చేసింది, వాళ్ళమ్మని పట్టుకుని. ఒక్క గెలుపుతో కప్పూ వచ్చింది, గ్రాండ్‌మాస్టర్ టైటిలూ వచ్చింది, ఇండియాకి 88వ గ్రాండ్‌మాస్టర్. మా వాట్సాప్ గ్రూపులో మామయ్య ఆ రోజు ఏమీ పెట్టలేదు. నేను మాత్రం బావకి ఫోన్ చేశాను. "చూశావా?" అంటే "రెండోసారి చూస్తున్నా, ఎక్కడ పోయిందో" అన్నాడు. అక్కడి నుంచి గంటసేపు ఫోన్లోనే మాట్లాడుకున్నాం. సగం నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని రెండుసార్లు చెప్పాను కూడా, అది నాకు కొత్త.

నాకు ఒక ఐడియా ఉంది, లిటరరీ క్లబ్ వాళ్ళు కోడింగ్ క్లబ్ వాళ్ళతో మాట్లాడితే బావుంటుంది. ప్రతి కాంటెస్ట్ అయ్యాక ఒక అరగంట. లీడర్‌బోర్డు ఆపేసి, మొదటి ముగ్గురూ చివరి ముగ్గురితో కూర్చుని, ఎక్కడ ఆగిపోయారో కలిసి చూడటం. నవ్వడం నిషేధం కాదు, మేమూ నవ్వేవాళ్ళం. వాళ్ళు ఒప్పుకునే దాకా చెస్‌తో మొదలుపెడదాం. శనివారం నాలుగింటికి లైబ్రరీ బయట సిమెంటు బల్ల దగ్గర ఉంటాను. గెలిచిన గేము తేవద్దు, ఓడిపోయింది తీసుకురండి. బోర్డు నా దగ్గరుంది. నల్ల ఏనుగు ఒకటి పోయింది, దాని బదులు గమ్ సీసా మూత పెడుతున్నాం, కంగారు పడొద్దు.